కలివికోడి మీద ఒక రాక్ పాట: కడపలో కూర్చుని ఎలా కట్టుకోవాలి

ఈ పాటకు కావలసిన సామాను చెప్తాను. ఒక గిటార్, ఒక మొబైల్, రెండు భజన చెక్కలు, రెండు పాత బొంతలు. నాలుగు కార్డ్‌లు పట్టడం వస్తే చాలు. పాటలో హీరో కలివికోడి అనే పక్షి. ఆ పక్షి సంగీతం వాయిస్తుంది. పాట పిల్లల పాటలాగా ముద్దుగా ఉండకూడదు. గరుకుగా, కొంచెం వింతగా ఉంటూనే పల్లవి ఒక్కసారికే నోటికి పట్టాలి.

మనం కట్టేది ఆల్టర్నేటివ్ రాక్ పాట. ఆల్టర్నేటివ్ రాక్ అంటే నాకు అర్థమైంది ఇదే. 1980లలో అమెరికాలో పెద్ద రేడియో స్టేషన్లు వేయని బ్యాండ్‌ల పాటలను కాలేజీ రేడియోలు వేసేవి. అలా పెరిగిన సంగీతం ఇది. ఆ బ్యాండ్‌ల వెనక డబ్బు లేదు కాబట్టి, ఫలానా విషయం మీదే పాడమని చెప్పేవాళ్ళూ లేరు. ప్రేమ, విరహం కాకుండా ఇంకేదైనా పాడుకోవచ్చు. కడపలో ఒక చిన్న గదిలో కూర్చుని పాట కట్టేవాళ్ళకు ఇంతకన్నా సులువైన దారి నాకు కనపడలేదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, కింద చెప్పబోయేదంతా దీని మీదే నడుస్తుంది. జంతువు చేతికి మన వాయిద్యం ఇవ్వకండి. దాని దగ్గర ఉన్న వాయిద్యం ఏదో కనుక్కోండి. నేను మొదట రాసిన పాటలో పక్షికి నల్లద్దాలు పెట్టి, స్టేజీ ఎక్కించి, సోలో వాయింపించాను. అది ఎంతకూ కుదరలేదు. పేరు మార్చి కోతిని పెట్టినా, కుక్కను పెట్టినా ఆ పాట అట్లే నడుస్తుంది. అంటే అందులో ఆ పక్షి లేనట్టే. మొత్తం కొట్టేసి, పక్షి నిజంగా ఎట్లా పలుకుతుందో తెలుసుకున్నాక మళ్ళీ మొదలుపెట్టాను.

జంతువును ఎంచుకోవడం

మన సీమలో సంగీతకారులకు కరువు లేదు. ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాలకు పేరు తెచ్చింది బట్టమేక పిట్ట. మీటరు దాకా ఎత్తుండే ఈ మగపక్షి జత కోసం గొంతు కింది సంచిని ఉబ్బించి లోతుగా మూలుగుతుంది. ఆ శబ్దం అర కిలోమీటరు దాకా పోతుంది. బేస్ గిటార్ వాయించేవాళ్ళు ఉంటే దాన్నే తీసుకోండి.

కీచురాయి ఇంకా దగ్గర. మగ పురుగు ఒక రెక్క మీది గరుకు గీతలను రెండో రెక్క అంచుతో గీకుతుంది. మీటుతో తీగను గీకినట్టే. వేడి పెరిగే కొద్దీ అది వేగంగా గీకుతుందని, ఆ లెక్కను బట్టి ఉష్ణోగ్రత కూడా చెప్పొచ్చని డాల్‌బేర్ అనే శాస్త్రవేత్త 1897లో రాశాడు. అనంతపురం ఎండాకాలపు రాత్రుల్లో టెంపో దానంతట అదే పెరిగే పాట ఒకటి ఎవరైనా కడితే బాగుంటుందని నాకు చాలా ఆశ.

నేను పట్టుకున్నది కలివికోడిని. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది. మీరు వేరే జంతువును తీసుకున్నా పని జరిగే వరుస ఇదే.

ముందు గిటార్ పక్కన పెట్టి నోటుబుక్కు తీయండి

ఒక పేజీ నిండా నిజాలు మాత్రమే రాయండి. ఉపమానాలు వద్దు, ప్రాస వద్దు. అది ఎంత పొడవుంటుంది, ఎప్పుడు పలుకుతుంది, ఎంతసేపు, ఒంటరిగానా గుంపుగానా, ఎక్కడ ఉంటుంది, దానికి ఏం జరిగింది. కలివికోడి గురించి నా పేజీలో ఉన్నవి ఇవి.

జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ద్వారా 1848లో శాస్త్ర ప్రపంచానికి తెలిసింది. అందుకే ఇంగ్లీషులో ఆయన పేరు మీద జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1900లో అనంతపురం దగ్గర చూసినట్టు రాసిపెట్టారు. ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లాలో, లంకమల కొండల కింద రెడ్డిపల్లె దగ్గర, పిట్టలు పట్టే ఒక స్థానికుడికి రాత్రి పూట టార్చిలైటు వెలుగులో దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అప్పుడు దాని కోసమే ఇక్కడ వెతుకుతున్నారు. మధ్యలో పోయినవి ఎనభై ఆరు సంవత్సరాలు. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా ఈ పక్షి కోసం మార్చారు.

పొడవు జానెడు కంటే కాస్త ఎక్కువ, 27 సెంటీమీటర్లు. రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు. పెద్ద కళ్ళు. సన్నని పొడుగు కాళ్ళు. పొదలు పలచగా ఉండి మధ్య మధ్య బోడి నేల ఉండేచోట తిరుగుతుంది. పగలు కదలదు. రాత్రి పూటే దాని బతుకు.

ఇప్పుడు అసలు విషయం. అది పలికేది రెండే రెండు పొట్టి శబ్దాలు, ‘ట్విక్-టూ’ అని. సెకనుకు ఒకసారి చొప్పున రెండు మూడు సార్లు మొదలుకొని పదహారు సార్ల దాకా పలుకుతుంది. పొద్దు గుంకిన ముప్పావు గంట తర్వాత మొదలుపెట్టి కొద్ది నిమిషాలు, మహా అయితే ఇరవై నిమిషాలు పలికి ఆపేస్తుంది. కొన్నిసార్లు ఒకటి మొదలుపెడితే ఇంకొకటి అందుకుంటుంది. 1986లో దొరికినా, దాని గొంతును మొదటిసారి రికార్డు చేసి అది కలివికోడిదేనని తేల్చింది 2000 దాటాకే. గొంతు తెలిశాక వెతకడం సులువైంది. కంటికి కనపడని పక్షి చెవికి దొరికింది.

ఈ పేజీ చదివితే పాట సగం అయిపోయినట్టే. టైము ప్రకారం వచ్చి, రెండే స్వరాలు వాయించి, ఎవరికీ కనపడకుండా వెళ్ళిపోయి, ఎనభై ఆరేండ్లకు తిరిగి వచ్చిన సంగీతకారుడు. దీనికి నల్లద్దాలు ఎందుకు?

టెంపోను పక్షి దగ్గరే తీసుకోండి

సెకనుకు ఒక పిలుపు అంటే నిమిషానికి అరవై. అరవై బీపీఎమ్ రాక్ పాటకు మరీ నిదానం. దాన్ని రెట్టింపు చేసి 120 పెట్టుకోండి. నాలుగు బీట్ల బార్ ఒకటి రెండు సెకన్లు అవుతుంది. ఒకటో బీటు మీద ‘ట్విక్’, దాని వెంటనే అర బీటుకు ‘టూ’, రెండో బీటు ఖాళీ. మళ్ళీ మూడో బీటు మీద అదే, నాలుగోది ఖాళీ. పక్షి వేగం మారలేదు, మన కాలు మాత్రం రెండింతలు కొడుతోంది. మొబైల్‌లో మెట్రోనోమ్ పెట్టుకొని, నోటితో ‘ట్విక్-టూ’ అంటూ ఐదు నిమిషాలు నడవండి. ఒంట్లోకి ఎక్కాక గిటార్ ముట్టుకోండి.

మొదలు దరువుకు పదహారు పిలుపులు తీసుకోండి. పదహారు సెకన్లు, ఎనిమిది బార్లు. ఇది నేను కల్పించిన లెక్క కాదు, పక్షి హద్దు అదే. వినేవాళ్ళకు ఈ లెక్క తెలియకపోయినా, ఎనిమిది బార్ల తర్వాత ఏదో మారాలని చెవి ఎదురుచూస్తుంది.

రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క), కార్డ్‌లు

చరణంలో ఒక్క కార్డే. ఈ (E) పవర్ కార్డ్: లావు తీగ ఖాళీగా, దాని పక్క తీగ రెండో ఫ్రెట్ దగ్గర. కుడి అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి మీటండి. అప్పుడు శబ్దం మోగకుండా ‘టక్’ మని తెగిపోతుంది. మనకు కావలసింది అదే. పక్షి పిలుపు పొట్టిది, దాన్ని సాగదీస్తే నెమలి అయిపోతుంది. ‘ట్విక్’కు సన్న తీగలను, ‘టూ’కు లావు తీగను మీటి చూడండి, తర్వాత తిప్పి చూడండి. మీ గిటార్‌కు ఏది నప్పితే అది ఉంచుకోండి.

పల్లవిలో చెయ్యి ఎత్తేసి, తీగలను పూర్తిగా మోగనివ్వండి. ఈ, జీ, ఏ, సీ (E, G, A, C), ఒక్కో బార్‌కు ఒక్కో పవర్ కార్డ్. జీకి లావు తీగ మూడో ఫ్రెట్, పక్క తీగ ఐదు. ఏకి ఐదో తీగ ఖాళీ, నాలుగో తీగ రెండో ఫ్రెట్. సీకి ఐదో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ ఐదు. ఈ నాలుగూ మీకు వస్తే ఇంకేమీ అవసరం లేదు.

చరణం గుసగుసలా ఉండి పల్లవి ఒక్కసారిగా విరుచుకుపడటం ఆల్టర్నేటివ్ రాక్‌లో బాగా వాడిన పద్ధతి. చాలామంది దాన్ని ఊరికే గట్టిగా వినపడటానికి వాడతారు. మన పాటలో మాత్రం దానికి అర్థం ఉంది. చరణం పక్షిది, పల్లవి మనుషులది. పక్షి నెమ్మదిగా పలుకుతుంది, మనం కేకలు పెట్టి వెతుకుతాం. ఈ తేడా చెరిగిపోకుండా చూసుకోండి. చరణంలో డ్రమ్స్ వద్దే వద్దు.

ఎలక్ట్రిక్ గిటార్ లేకపోతే బాధపడకండి. మామూలు చెక్క గిటార్‌నే మొబైల్‌లో రికార్డు చేసి, బ్యాండ్‌ల్యాబ్ లాంటి ఉచిత యాప్‌లో డిస్టార్షన్ ఉన్న ఆంప్ ఎఫెక్ట్ వేయండి. డిస్టార్షన్ అంటే శబ్దపు అలల కొనలు కత్తిరించినట్టు అయిపోవడమే. గరుకుతనం అక్కడి నుంచే వస్తుంది. పల్లవికి మాత్రమే వేయండి, చరణానికి వద్దు.

మాట: మన యాసలోనే రాయండి

ఇక్కడ నేను మొండిగా ఉంటాను. కడప జిల్లా పక్షి మీద సినిమా తెలుగులో పాట రాస్తే ఆ పక్షి ఒప్పుకోదు. మన యాసలో ‘ఉంటివి’, ‘వస్తిమి’, ‘చేస్తివి’ అనే మాటలు రాక్ పాటకే పుట్టినట్టు ఉంటాయి. పొట్టిగా ఉంటాయి, చివర ఒకేలా పలుకుతాయి, ప్రాస వెతుక్కోనక్కరలేదు. నేను కట్టిన పల్లవి ఇది:

యాడుంటివి కలివికోడీ
ఎనభై ఆరేండ్లు యాడుంటివి
దీపాలు పట్టుకోని మేమొస్తిమి
సప్పుడు జేస్తివి, కనపడకుంటివి

మాటను దరువులో కూర్చోబెట్టడం ఎలాగో ‘కలివికోడి’ అన్న పేరుతోనే నేర్చుకోవచ్చు. క, లి, వి మూడూ లఘువులు. ‘కో’ గురువు. మూడు పొట్టి అక్షరాలు పరుగెత్తుకొచ్చి ఒక పొడుగు అక్షరం మీద దిగుతాయి. అందుకని ‘యా’ను మొదటి బీటు మీద, ‘డుం’ను రెండో దాని మీద, ‘టివి’ని మూడో దాని మీద వేసి, ‘కలివి’ని నాలుగో బీటులో మూడు ముక్కలుగా ఇరికించండి. ‘కో’ సరిగ్గా తర్వాతి బార్ మొదటి బీటు మీద పడుతుంది. అక్కడే కార్డ్ ఈ నుంచి జీకి మారుతుంది. పేరే దరువు తెచ్చింది చూడండి. దీన్ని తిప్పి, ‘కలివి’ని సాగదీసి ‘కోడి’ని తొందరగా అనేసి చూడండి, తెలుగు వినే ఏ చెవికైనా గుచ్చుకుంటుంది. గురువును పొడుగు స్వరం మీద, లఘువును పొట్టి స్వరం మీద వేయడం ఒక్కటి పాటిస్తే, ఇంగ్లీషు ట్యూను మీద తెలుగు అతికించినట్టు ఉండే జబ్బు సగం పోతుంది.

పల్లవి తర్వాత చరణం, మళ్ళీ పల్లవి అనే పద్ధతి మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. రాజంపేట దగ్గర తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య పదిహేనో శతాబ్దంలోనే పల్లవి, చరణాలతో వేల సంకీర్తనలు కట్టాడు. ఆయన పల్లవుల్లో ఒక సంగతి గమనించండి. పల్లవి ఒక ప్రశ్నో, ఒక పిలుపో, ఒక ఆశ్చర్యమో అవుతుంది. చరణం దాన్ని విప్పుతుంది. మన పల్లవి ప్రశ్న కాబట్టి, చరణం జవాబు చెప్పాలి. మొదటి చరణంలో మనం చూసింది చెప్పండి:

పొద్దు గుంకి ముప్పావు గంటాయ
దావ మీద దుమ్మంతా అణిగిపాయ
ముండ్లపొద నీడన సన్నకాళ్ళు
రెండంటే రెండే మెట్లు వాయించె

రెండో చరణంలో పక్షినే మాట్లాడనివ్వండి. పాటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది:

యాడికీ పోల్యా, యీడనే ఉంటిని
మీరు పండుకున్నాక లేస్తాంటిని
మీ సప్పుడు ఆగినంక సందు జూసి
నా రెండు మెట్లు నేను కొడతాంటిని

ఎనభై ఆరేండ్లు అది ఎక్కడికీ పోలేదు. మనకు వినడం రాలేదు, అంతే. ఆ మాటను పాటలో నేరుగా అనకండి. పక్షి చేత ‘యీడనే ఉంటిని’ అనిపిస్తే చాలు.

చరణంలో ఒక్కో పంక్తిని రెండు బార్లు పాడి, తర్వాత రెండు బార్లు నోరు మూసుకోండి. ఆ ఖాళీలో గిటార్ ‘ట్విక్-టూ’ అంటుంది. నాలుగు పంక్తులకు పదహారు బార్లు. పాడేటప్పుడు గొంతు పెంచకండి. ఇంట్లో ఎవరో పడుకుని ఉంటే పక్కవాళ్ళకు చెప్పినట్టు చెప్పండి.

మధ్య భాగంలో కాలు తడబడాలి

రెండో పల్లవి తర్వాత పాట ఒకసారి దారి తప్పాలి. దానికి ఒక నిజమైన కథ దొరికింది. 1917లో కోలార్ వైపు సేకరించిన ఒక గుడ్డు దేశాలు దాటి స్కాట్లండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో చేరింది. అది కలివికోడి గుడ్డని 2013లో తేలింది. తొంభై ఆరేండ్లు! పక్షేమో ఎనభై ఆరు, గుడ్డేమో తొంభై ఆరు. ఈ లెక్క చూసిన రోజు నేను గిటార్ ముట్టుకోకుండా చాలాసేపు కూర్చున్నాను.

కోలార్ కాడ గుడ్డొకటి దొరికె
సముద్రాలు దాటి చలిదేశం పోయె
తొంభై ఆరేండ్లు పెట్టెలో పండె
యా పక్షి బిడ్డవంటే ఇప్పుడు జెప్పె

ఇక్కడ నాలుగు బీట్ల నడక వదిలేసి మిశ్రచాపు పట్టుకోండి. తకిట తకధిమి, ఏడు మాత్రలు. ఇప్పటిదాకా ఒక బార్‌లో ఎనిమిది అర బీట్లు ఉన్నాయి, ఇప్పుడు ఏడే ఉంటాయి. తల ఊపుతున్నవాళ్ళకు ప్రతి బార్‌లో ఒక మెట్టు తక్కువైనట్టు అనిపిస్తుంది. చలిదేశానికి పోయిన గుడ్డుకు అదే సరైన నడక. పదహారు బార్లు చాలు, ఇరవై ఎనిమిది సెకన్లు. కష్టమనిపిస్తే గిటార్ ఆపేసి చెక్కలతోనే నడిపించండి.

చెక్కల గురించి చెప్పాలి. మన ఊళ్ళలో చెక్కభజన నేర్చుకున్నవాళ్ళు ఇంటికొకరు దొరుకుతారు. వాళ్ళను పిలవండి. చెక్కల చప్పుడు పొట్టిగా, పొడిగా ఉంటుంది, కలివికోడి గొంతుకు చుట్టం లాంటిది. అనంతపురం వైపు వాళ్ళైతే ఈ మధ్య భాగంలో ఉరుము వాయిద్యాన్ని ఆలోచించండి. చర్మం మీద వంకర పుల్లతో రుద్దితే నిజంగా మబ్బు ఉరిమినట్టు మూలిగే వాయిద్యం అది. ఏ ఎఫెక్ట్ పెడల్ కూడా ఆ శబ్దం ఇవ్వలేదు. కానీ అది దేవుడి కొలువులో వాడే వాయిద్యం. వాయించే కళాకారుల దగ్గరికి వెళ్ళి పాట మొత్తం వినిపించి, వాళ్ళు సరే అంటేనే తీసుకోండి. రోజుకూలి కాదు, కళాకారులకు ఇచ్చే డబ్బు ఇవ్వండి. పాట కింద వాళ్ళ పేర్లు మీ పేరు ఎంత పెద్దగా ఉందో అంతే పెద్దగా వేయండి. వాళ్ళ శబ్దం రికార్డు చేసుకొని పేరు లేకుండా వాడుకోవడం దొంగతనమే.

ఇంట్లో రికార్డు చేయడం

కడప ఇళ్ళలో నేల నాపరాయి, అరుగు నాపరాయి, అటక కూడా నాపరాయే. మాట అంటే గోడలు తిరిగి అంటాయి. చరణం రికార్డు చేసేటప్పుడు ఇది పెద్ద ఇబ్బంది. ఒక బొంతను నేల మీద పరిచి, ఇంకొకదాన్ని మీ వెనక తాడు మీద ఆరేయండి. మొబైల్‌ను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ‘ప’, ‘బ’ అన్నప్పుడల్లా గాలి తగులుతుంది.

పల్లవికి మాత్రం బొంతలు తీసేయండి. సామాను లేని గదిలో, ఆ బండల మధ్య నలుగురు నిలబడి ‘యాడుంటివి’ అని అరవండి. ఆ మార్మోగడం డబ్బు పెట్టినా దొరకదు. మొబైల్‌ను గది ఇంకో మూలన ఉంచండి. ఒకే పాటలో చరణం చెవి దగ్గర, పల్లవి దూరంగా వినపడటం ఈ పాటకు సరిపోతుంది. మనుషులు ఎక్కడో దూరంగా వెతుకుతున్నారు, పక్షి పక్కనే ఉంది.

రికార్డింగ్‌కు మంచి సమయం తెల్లవారుజాము. ఫ్యాన్ ఆపాలి కదా, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఆపితే గదిలో పది నిమిషాలు కూడా ఉండలేం. వేడికి తీగలు సాగి శ్రుతి దిగిపోతుంది కూడా. ప్రతి టేక్‌కు ముందు ట్యూనర్ చూసుకోండి. మిక్సీలు, నీళ్ళ మోటార్లు మొదలు కాకముందే ముగించుకోండి. కరెంటు పోతుందేమో అని టెన్షన్ పడకుండా మొబైల్‌ను రాత్రే ఛార్జ్ చేసి పెట్టుకోండి.

వరుస ఇది: ముందు 120 క్లిక్ ఇయర్‌ఫోన్‌లో పెట్టుకొని గిటార్, తర్వాత చెక్కలు, తర్వాత చరణం గొంతు, చివర పల్లవి కేకలు. అన్నీ కలిపాక నిడివి మూడు నిమిషాల ఎనిమిది సెకన్లు రావాలి: మొదలు 16 సెకన్లు, చరణం 32, పల్లవి 16, చరణం 32, పల్లవి 16, మధ్య భాగం 28, చివరి పల్లవి రెండుసార్లు 32, ముగింపు 16. ఎక్కువ వస్తే ఎక్కడో బార్ లెక్క తప్పినట్టు.

అడవి జోలికి పోకండి

పాట బాగా వస్తుంటే సిద్ధవటం, బద్వేలు వైపు బండి వేసుకొని పోయి, నిజమైన గొంతు రికార్డు చేద్దామని అనిపిస్తుంది. వద్దు. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోకూడదు, రాత్రి పూట అసలే కూడదు. మొబైల్‌లో దాని గొంతు వేసి పిలవడం ఇంకా తప్పు. శాస్త్రవేత్తలు ఆ పద్ధతి వాడారు, నిజమే. కానీ వాళ్ళు లెక్కతో, అనుమతితో, పక్షికి ఇబ్బంది లేకుండా చేస్తారు. మనం వేస్తే అది ఇంకో పక్షి తన చోటుకు వచ్చిందనుకొని తిండి మానేసి తిరుగుతుంది. ప్రపంచంలో అంతరించే అంచున ఉన్న పక్షుల్లో ఇది ఒకటి. దాని మీద పాట కట్టి దాన్నే వేధించడం ఎట్లా కుదురుతుంది?

ఇంటర్నెట్‌లో దొరికే పక్షుల రికార్డింగులను కూడా తీసి పాటలో అతికించకండి. వాటికి హక్కుదారులు ఉంటారు. వ్యాపారానికి వాడొద్దని, మార్చొద్దని చాలావాటికి షరతులు ఉంటాయి. వినండి, నేర్చుకోండి, మీ తీగ మీద పలికించండి. పాట గొప్పతనం కూడా అందులోనే ఉంది.

శాస్త్రవేత్తలు పక్షిని పట్టుకోకుండానే వెతకడానికి ఒక చక్కని పని చేశారు. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీల్లా పరిచి, పొద్దున్నే వచ్చి అడుగుజాడలు చూసుకునేవాళ్ళు. మీ పాటకు అట్ట మీద బొమ్మ కావాలంటే అదే వేయించండి: మెత్తటి మట్టి, దాని మీద మూడు వేళ్ళ గుర్తులు కొన్ని. పక్షి బొమ్మ వద్దు.

మొదటిసారి పదిమంది ముందు

కాలేజీ ఫెస్ట్ అయినా, మిద్దె మీద పది కుర్చీలైనా, పాట మొదలుపెట్టే ముందు పక్షి గురించి ఉపన్యాసం ఇవ్వకండి. జనాన్ని రెండు భాగాలు చేసి, ఎడమవైపు వాళ్ళను ‘ట్విక్’కు, కుడివైపు వాళ్ళను ‘టూ’కు చప్పట్లు కొట్టమనండి. సెకనుకు ఒకసారి. నాలుగైదు సార్లు తప్పుతారు, తర్వాత కుదురుతుంది. కుదిరిన పదహారో చప్పట్ల మీద మొదటి చరణం అందుకోండి. పాటయ్యాక ‘అన్నా, ఆ పక్షి నిజంగా ఉందా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు కూర్చోబెట్టి నోటుబుక్కు పేజీ మొత్తం చెప్పండి.

ముగింపు ఇట్లా చేయండి. చివరి పల్లవి కేక ఆగగానే డిస్టార్షన్ తీసేసి, అరచెయ్యి మళ్ళీ తీగల మీద ఆనించి, పదహారు పిలుపులు లెక్కపెట్టండి. పదిహేను వాయించండి. పదహారో దాని చోట ఒక సెకను ఖాళీ వదిలి, రికార్డింగ్ ఆపేయండి.